తాగినోనికి దెబ్బ తాకదా?

మా అమ్మ కరీంనగర్‌లో తమ్ముడి దగ్గర ఉంటుంది. నేను మంచిర్యాలలో. నెలకు రెండుసార్లయినా అమ్మను చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి రావడం నాకు అలవాటు. పొద్దున్నే వంట చేసి, పిల్లల టిఫిన్లు కట్టి బయల్దేరితే మళ్లీ రాత్రి వంట వేళకు ఇల్లు చేరాలి. పోనూ రానూ బస్సులో గడిపే ఆ నాలుగైదు గంటలే నాకు దొరికే తీరిక. నేను రాసిన కథల్లో సగం కిటికీ పక్క సీట్లోనే పుట్టాయి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కథ కాదు. కథయితే నన్ను నేను ఇంకొంచెం మంచిదానిగా రాసుకునేదాన్నేమో!

కిందటి చలికాలం, ఒక శనివారం. సాయంత్రం అయిదున్నర బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టికెట్ లేకపోయాక ఆ వేళ బస్సంటే ఆడవాళ్లే. కూలికి వచ్చి పోయేవాళ్లు, ఆస్పత్రికి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, సంకలో పిల్లలతో తల్లులు. నాకు ఎడమవైపు మూడో వరుసలో చోటు దొరికింది. సుల్తానాబాద్ దాటింది. పెద్దపల్లి బస్టాండులో బస్సు ఆగింది. జనం దిగారు, అంతకు రెట్టింపు ఎక్కారు. అందరికన్నా చివర ఎక్కాడతను.

ముందు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. చొక్కా భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది. కింది పెదవి చిట్లి వాచింది. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. చెవి వెనక జుట్టు రక్తంతో అట్టకట్టింది. ఒక కాలికే చెప్పు. చేతిలో మాత్రం పాల ప్యాకెట్ ఉన్న సంచీని జాగ్రత్తగా పట్టుకున్నాడు.

ఏమైంది? ఎవరు కొట్టారు? అని ఒక్కరమూ అడగలేదు. అందరం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాం.

"ఓ మేడం, దించుండ్రి వాన్ని. గా వాసనకు పానం పోతంది" అంది వెనకనుంచి ఒకామె.

"యాడికి పోవాలె?" అంది కండక్టరమ్మ కటువుగా.

"ఖనికి."

"పైసలున్నయా?"

జేబులోంచి నలిగిన నోట్లు తీశాడు. ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇచ్చాడు. చిల్లర కూడా అడిగి మరీ తీసుకున్నాడు. నా వెనక సీటామె పకపకా నవ్వి, "వాళ్లు తాగవట్కే గదనే మనకు ఫిరీ టికెట్లు" అంది. బస్సు సగం నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలోని చురుకు తర్వాత గానీ తలకెక్కలేదు.

అతను రాడ్డు పట్టుకుని వచ్చి సరిగ్గా నా సీటు పక్కనే నిలబడ్డాడు. "అక్కా, జెర కూసుంట" అన్నాడు. నా పక్క సీట్లో నా సంచీ ఉంది. అందులో అమ్మ ఇచ్చిన సకినాలు. నేను సంచీ తియ్యలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. కాసేపటికి అతనే వెళ్లి ఇంజను పక్కన, మెట్ల దగ్గర కూలబడ్డాడు.

నాకు తెలిసిన వాసన

నేనెందుకు చోటివ్వలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాది గోదావరిఖని. నాన్న బాయి పనికి పోయేవాడు. ఆ రోజుల్లో ఖనిలో బాయి దిగే మగవాళ్లలో చాలామంది సారకొట్టు దగ్గర ఆగకుండా ఇంటికి వచ్చేవారు కాదు. చీకట్లో, వేడిలో, నీళ్లలో పనిచేసి వచ్చినవాడికి అదే మందు అనేవారు. ఆ మందు ఖర్చు మా కంచంలోంచి పోయేది, దాని దెబ్బ అమ్మ వీపు మీద పడేది. గేటు చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా ఉంటుందో చెప్పగలిగేదాన్ని. మెల్లగా తీస్తే ఫరవాలేదు. దభాలున తీస్తే తమ్ముణ్ని తీసుకుని వంటింట్లో మూలకు చేరేదాన్ని.

సారా మీద ఆడవాళ్ల తిరుగుబాటు ఈనాటి యువతులకు పాఠాల్లో చదివిన చరిత్రే కావచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, ఇది మన కథే కదా అనుకుని సారకొట్టు మూయించారు. రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి ఆ ఉద్యమం ఊరూరా పాకింది. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊళ్లకు చేర్చిన రాష్ట్రంలో, చదువురాని ఆడవాళ్లు ఆ ప్యాకెట్లను వీధిలో పోసి తగలబెట్టారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది.

మా వాడలో సారకొట్టు మీదికి పోయిన ఆడవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. నాకప్పుడు ఆరేడేళ్లు. చీపురుకట్ట పట్టుకుని ముందు వరుసలో నడిచిన అమ్మను చూసి గర్వపడటం ఇంకా గుర్తే. కొట్టు మూతపడింది. నాన్న తాగుడు మాత్రం మూతపడలేదు. సారా పోయి గుడుంబా వచ్చింది.

1996లో, నాకు పదేళ్లప్పుడు, ఒక రాత్రి నాన్న ఇంటికి రాలేదు. గేటు చప్పుడు కాలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని ఎదురు చూస్తూనే ఉంది. నేను మాత్రం, ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యాడటం లేదు, 'హమ్మయ్య, ఈరోజు రాలేదు' అనుకుని హాయిగా నిద్రపోయాను.

నాన్న రోడ్డు పక్కన కాలువ గట్టు మీద పడి ఉన్నాడు. పడ్డప్పుడు తల రాయికి కొట్టుకుంది. షిఫ్టు దిగి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, మా వాడవాళ్లు కూడా ఆ దారినే నడిచారు. తెలిసినవాళ్లు 'గీయనకు రోజూ ఉండేదే' అనుకున్నారు. తెలియనివాళ్లు వాసన చూసి పక్కకు జరిగారు. తెల్లవారుజామున వీధి ఊడ్చే ఆమె వంగి చూసి, "ఇది నిషా కాదు, గురక పాడుగుంది" అని కేకేసింది. ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడ కూడా "తాగిండు, దిగనీయిండ్రి" అని ఒక బల్ల మీద పడుకోబెట్టారు. తల లోపల రక్తం గడ్డకట్టిందని తెలిసేసరికి మధ్యాహ్నమైంది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, మాట పోయాయి. పదకొండేళ్లు మంచంలోనే ఉన్నాడు. చీపురు పట్టుకుని సారకొట్టు మీదికి పోయిన అమ్మే ఆ పదకొండేళ్లూ ముద్దలు కలిపి పెట్టింది.

ఆరోజు నాన్న తాగలేదని చెబితే మీకు జాలి ఎక్కువ కలుగుతుందేమో. కానీ తాగాడు, బాగానే తాగాడు. ఆ ఆస్పత్రి వరండాలో అమ్మ అడిగిన మాట ఒకటే. "తాగినోనికి దెబ్బ తాకదా, సారూ?"

ఇంత తెలిసినదాన్ని, ఆ కూతురినే, పెద్దపల్లిలో ఎక్కిన మనిషికి చోటివ్వకుండా సకినాల సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ వాసన అలాంటిది. ముక్కుకు తగలగానే నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు పోయి పదేళ్లు వస్తాయి.

మత్తా, దెబ్బా?

బస్సు బసంత్‌నగర్ వైపు పోతోంది. మెట్ల దగ్గర అతను రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. డ్రైవరు తిట్టాడు. ఎవరో "నిమ్మకాయ పిండి తాపుండ్రి, దిగుతది" అన్నారు. ఒకావిడ మజ్జిగ సీసా కూడా తీసింది.

"తాపకుండ్రి!" అంటూ లేచిందొకామె. యాభై దాటిన మనిషి, నలిగిన నేత చీర, చేతిలో టిఫిన్ డబ్బా. సర్కారు దవాఖానలో నర్సట. డ్యూటీ దిగి ఇంటికి పోతోంది. అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"తమ్మీ, ఏ ఊరు మీది?"

చెప్పాడు.

"ఇయ్యాల ఏం వారం?"

"ఐతారం... కాదు, బుధారం..."

"ఎవలు గొట్టిండ్రు?"

అతను మూడు రకాలుగా చెప్పాడు. కూలి పైసలు అడిగితే మేస్త్రి మనుషులు కొట్టారన్నాడు. బండి గుద్దిందన్నాడు. తర్వాత, నేనే పడ్డానన్నాడు. ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. బస్సులో మాత్రం తీర్పు అప్పటికే అయిపోయింది. "ఏ ఆడిదాన్నన్న ఏమన్న అనుంటడు, తన్నుంటరు" అంది ఒకామె. "మంచిగైంది" అంది ఇంకొకామె. వాళ్లను తప్పుపట్టలేను. ఆ మాట వెనక వాళ్ల వీపుల మీద ఎన్ని దెబ్బలున్నాయో ఎవరికి తెలుసు?

నర్సమ్మ సెల్‌ఫోను లైటు వేసి అతని కళ్లలోకి చూసింది. వాచిన రెప్పను వేళ్లతో మెల్లగా తెరిచింది. చెవి దగ్గర తన కర్చీఫు పెట్టి తీసింది. రక్తం మరక చుట్టూ నీళ్లలాంటి తడి. ఆమె ముఖం మారిపోయింది.

"రెండు కంటిపాపలు ఒక్కతీరుగ లేవు. చెవుల నుంచి నీరత్తంది. పెద్దపల్లిల ఎక్కినప్పుడు టికెట్ పైసలు లెక్కవెట్టిచ్చిండు. అద్దగంటల వారం మర్చిపోయిండు. అమ్మా, గిదొక్కటి యాది వెట్టుకోండ్రి. నిషా అయితే గడియ గడియకు దిగుతది. తలకాయల దెబ్బయితే గడియ గడియకు ఎక్కుతది."

ఇంత సులువైన మాట మా ఇంట్లో 1996లో ఎవరికైనా తెలిసి ఉంటే!

బస్సులో నవ్వులు ఆగిపోయాయి. "మనకెందుకమ్మా, పోలీసు కేసైతది, సాచ్చెం చెప్పమంటరు" అని ఒక పెద్దాయన గొణిగాడు. కండక్టరమ్మ అతని వంక ఒక చూపు చూసి 108కు ఫోను చేసింది. బస్సు ఆపితే ఎదురు చూడాలి, నడిపితే అటు వాళ్లు వస్తారు, మధ్యలో కలుస్తారు. డ్రైవరు అదే మంచిదన్నాడు. తిట్టిన ఆయనే "ఖని దాక ఎవ్వరూ దిగుతా అనద్దు" అని గట్టిగా చెప్పి బండి తోలాడు. మధ్యలో దిగాల్సినవాళ్లు నలుగురైదుగురున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు.

మెడ కదలకుండా తలను తన చేతుల్లో పట్టుకుని, అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి నర్సమ్మకు సాయం కావాల్సి వచ్చింది. ఈసారి నేను లేచాను. నా శాలువా మడిచి తల కింద పెట్టాను. సకినాల సంచీ ఎక్కడో పడిపోయింది. పాల ప్యాకెట్ మాత్రం అతను వదల్లేదు.

ఫోనులో ఆమె

"ఇంటోళ్లకు ఫోన్ చెయ్యమ్మా" అంది నర్సమ్మ నాతో. అతని జేబులో అద్దం పగిలిన ఫోను ఉంది. 'పాప అమ్మ' అన్న పేరు కనిపించింది. చేశాను.

"మళ్లెందుకు చేసినవ్?" అంది అటునుంచి గొంతు.

నేనెవరో చెప్పాను. ఎక్కడున్నామో, ఏం జరిగిందో చెప్పాను. అటు చాలాసేపు మాట లేదు. చిన్నపిల్ల ఏడుపు వినిపించింది. తర్వాత ఆమె అంది:

"అక్కా, మొన్న బేస్తారం నా చెయ్యి ఇరగ్గొట్టిండు. పట్టీ కట్టిచ్చుకోని మా అవ్వగారింట్ల ఉన్న. ఇయ్యాల ఆయన్ను ఎవలో కొట్టిండ్రు. నన్నేం జెయ్యమంటవ్?"

నేనేం చెప్పను? 'ఎంతయినా భర్త కదమ్మా' అనే మాట మన నాలుకల మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మా అమ్మతో ఊరంతా ఆ మాటే అన్నది. ఆ మాటతోనే ఆమె చేత పదకొండేళ్లు చాకిరీ చేయించింది. కాలువ గట్టు మీద నాన్నను చూసి పక్కకు జరిగినవాళ్లే తర్వాత ఇంటికొచ్చి 'నీ ధర్మం నువ్వు చెయ్యాలె' అని అమ్మకు నీతులు చెప్పారు.

"నిన్ను రమ్మని చెప్పడానికి చెయ్యలేదు చెల్లె" అన్నాను. "ఎక్కడికి తీసుకపోతున్నరో నీకు తెలిసి ఉండాలని చేసిన. వచ్చుడు, రాకపోవుడు నీ ఇష్టం. ఆయన్ను చూసుకునేటందుకు ఇక్కడ మనుషులున్నరు."

ఆమె ఏడ్చింది. "గంతమాట ఎవ్వలన్లే అక్కా" అని ఫోను పెట్టేసింది.

ఆ సంభాషణ తర్వాత నాకొకటి స్పష్టమైంది. గాయపడ్డ మనిషికి వైద్యం అందించడం వేరు, అతను చేసింది మన్నించడం వేరు. మొదటిది దారినపోయే ఎవరమైనా చెయ్యాల్సింది. రెండోది అతని చేతిలో దెబ్బలు తిన్న ఆమె ఒక్కర్తే నిర్ణయించుకోవలసింది. మనమేమో తలకిందులు చేస్తున్నాం. మన పని వదిలేసి, ఆమె పనిలో వేలు పెడుతున్నాం.

ఖని బస్టాండులో 108 బండి మాకన్నా ముందే వచ్చి నిలబడింది. అతన్ని దించుకుపోయారు. నర్సమ్మ కూడా వెంట వెళ్లింది. ఆమె దిగాల్సిన ఊరు అది కాదట! కండక్టరమ్మ మెట్ల మీద నీళ్లు పోసి కడిగింది. గోదావరి వంతెన దాటేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. 'మంచిగైంది' అన్నామె నా పక్కకు వచ్చి కూర్చుని, కింద పడ్డ సకినాల సంచీ నా ఒళ్లో పెట్టి, "బతుకుతడంటవా అమ్మా?" అంది.

మనం తెలుసుకోవలసినవి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది తాగుతున్నారు. అదే సర్వే దేశం మొత్తం మీద ఇంకో లెక్క చెప్పింది. తరచూ తాగి తూలే భర్తలున్న ఆడవాళ్లలో నూటికి 70 మంది భర్త చేతిలో హింసకు గురైనవాళ్లే. తాగని భర్తలున్నవారిలో అది 23. అంటే తాగుబోతును చూసి మనకు కలిగే కోపం ఊరికే వచ్చింది కాదు. అయినా ఆ కోపం మన కళ్లకు గంతలు కట్టకూడదు. డాక్టర్లను, నర్సులను అడిగి తెలుసుకున్న సంగతులివి:

తాగి పడిపోయిన మనిషిని ముందు పిలిచి, తట్టి చూడాలి. పలక్కపోయినా, శ్వాస గురకలా వింతగా ఉన్నా, మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, మూర్ఛ వచ్చినా, చెవి ముక్కుల్లోంచి రక్తమో నీరో కారుతున్నా, కంటిపాపలు రెండూ సమానంగా లేకున్నా, మాట తీరు నిమిష నిమిషానికీ దిగజారుతున్నా, మత్తు దిగేదాకా చూద్దామని ఆగకూడదు. వెంటనే 108కు ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ బండ్లు వచ్చాక, నాన్న కాలంలోలాగా రిక్షా కోసం పరుగెత్తే అవసరం చాలావరకు తప్పింది.

వెల్లకిలా పడుకోబెట్టకూడదు. వాంతి గొంతులోకి వెళ్లి ఊపిరాడకపోతే, తాగింది కాదు, ఆ వాంతే చంపుతుంది. పక్కకు తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి పడుకోబెట్టాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే తలను, మెడను, ఒంటిని ఒక్కటిగా తిప్పాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మజ్జిగ, నిమ్మరసం, నీళ్లు, ఏవీ పొయ్యకూడదు. అవి మత్తును దించవు సరికదా, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నెత్తిన బకెట్ల కొద్దీ చన్నీళ్లు కుమ్మరించడం కూడా మానాలి. ఇంకొక మాట. షుగరు ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర బాగా పడిపోతే తూలుతారు, తడబడతారు, అచ్చం తాగినవాళ్లలాగే కనబడతారు. వాసన లేకపోయినా తాగాడనుకుని వదిలేసిన సందర్భాలు లేకపోలేదు.

కేసవుతుందన్న భయం గురించి. ప్రాణం మీదికి వచ్చినవాడికి, కేసు ఎలాంటిదైనా సరే, సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేయాలి, కాగితాల పని తర్వాతే అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి సాయపడ్డవాళ్లను వేధించకుండా 2016లో మార్గదర్శకాలకు కోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు.

ఇంట్లో తాగేవాళ్లున్న అక్కచెల్లెళ్లకు ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు, పురుగులు కనబడి కేకలు పెట్టవచ్చు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేది ఇప్పుడే. నిజానికది ప్రాణాంతకమైన జబ్బు, ఆస్పత్రిలో మందులతో దాటించాల్సింది. డైజీపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్ల గతీ ఇంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలన్నీ మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు బారులు తీరారు. తాగుడు మాన్పించే సలహాకు 14446, మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 నంబర్లున్నాయి. డబ్బు ఖర్చు లేదు.

దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు 181 ఉంది. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లోనే వచ్చింది. భర్త మంచాన పడ్డాడని ఆ చట్టం భార్యకు వర్తించకుండా పోదు.

మర్నాడు

ఆదివారం పొద్దున్నే అమ్మకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. సంచీ తియ్యలేదన్న సంగతి కూడా చెప్పాను. చివరికి, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది, ఆ రాత్రి నాన్న రాలేదని నేను హాయిగా నిద్రపోయానన్నది కూడా చెప్పేశాను.

అమ్మ కొంచెంసేపు ఊరుకుని, "నాకెరికే బిడ్డా" అంది. "అరుగు మీద కూసున్న గని, నాకు గుడ పానం నిమ్మలంగనే ఉండె. ఇయ్యాల్టి దాక ఎవలకు చెప్పలే."

ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయికి ఫోను చేద్దామా వద్దా అనుకుంటుండగా తనే చేసింది. రాత్రే పెద్దాస్పత్రికి పంపారట. తలకు ఆపరేషన్ చేశారట. గంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారట.

"పోయినవా?" అన్నాను.

"పొద్దుగాల పోయి అద్దంలకెల్లి చూసచ్చిన. ఆళ్ల అవ్వ, అన్న ఉన్నరు. నేను మళ్లా అవ్వగారింటికే అచ్చిన. పాపకు పాలు కొనుక్కోని అత్తండట అక్కా, గా పాకెట్టు నర్సమ్మ నా చేతికిచ్చింది." ఆగి మళ్లీ అంది. "బతికిండు. మళ్ల తాగడని మాత్రం నేను చెప్ప."

"నేనూ అడగను" అన్నాను.

చెయ్యి నొప్పి ఎలా ఉందని మాత్రం అడిగాను. పట్టీ ఇంకా నెల రోజులుంటుందట. 181 నంబరు చెప్పి, రాసుకోమన్నాను. ఎడమ చేత్తో రాసుకుంటున్నా, జెర ఆగు అంది. ఆగాను.